డి.ఎన్.ఎ. ఇటుకల బట్టీ

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని మన హాస్టల్ తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, "నేను చెప్పుకునేది జీవరసాయన శాస్త్రం, అది రాస్తే ఎవరు చదువుతారయ్యా?" అన్నాను. "బైపీసీ వాళ్లం చాలామందిమి ఉన్నాం సార్, డి.ఎన్.ఎ. గురించి రాయండి" అన్నారు. డి.ఎన్.ఎ. మెలిక నిచ్చెనలా ఉంటుందని, అందులో ఎడినైన్‌కు ఎదురుగా థైమిన్, గ్వానైన్‌కు ఎదురుగా సైటోసిన్ ఉంటాయని మీ పుస్తకంలో ఎలాగూ ఉంది. దాన్నే తిరగరాయడం నాకిష్టం లేదు. ఆ నిచ్చెనకు కావలసిన ముక్కలు ఎక్కడ తయారవుతాయి, ఎవరు తయారు చేస్తారు అన్నది మాత్రం మన పుస్తకాల్లో రెండు లైన్లతో సరిపెడతారు. నేను చదువుకునే రోజుల్లోనూ అంతే. ఆ రెండు లైన్లు నేను కంఠతా పట్టి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా వాటి అర్థం నాకు తెలిసింది పరీక్ష హాల్లో కాదు, ఆసుపత్రి వరండాలో.

అవనిగడ్డ దగ్గర పల్లెలో ఉండే మా పెద్దమ్మకు కీళ్లవాతం. వేళ్ల కణుపులు వాచిపోయి పొద్దున్నే చెంబు కూడా ఎత్తలేకపోయేది. 2009లో విజయవాడ తీసుకొచ్చి పెద్ద డాక్టరుకు చూపించాము. ఆయన చీటీ మీద నాలుగైదు మందులు రాశారు. అందులో రెండు చిన్న పసుపుపచ్చ మాత్రలు. ఇంట్లో ఎమ్మెస్సీ చదువుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి చీటీ చదివి చెప్పే పని నాకే పడింది. గొలుసుకట్టు ఇంగ్లీషు రాతను గబగబా చూసి, "రోజుకొకటి వేసుకో పెద్దమ్మా" అని చెప్పి హాస్టలుకు వచ్చేశాను. తొమ్మిదో రోజున ఫోను. "ఒరే నాన్నా, నోరంతా పుండైపోయిందిరా. మజ్జిగ కూడా గొంతు దిగట్లేదు" అంది. ఆసుపత్రికి తీసుకెళితే రక్తంలో తెల్లకణాలు వెయ్యి కంటే తక్కువకు పడిపోయాయన్నారు. మామూలుగా నాలుగు వేల నుంచి పదకొండు వేల దాకా ఉండాలి.

ఆ రెండు పసుపు మాత్రల్లో ఒకటి మెథోట్రెక్సేట్. అది వారానికి ఒక్కసారి, ఒక్క రోజు మాత్రమే వేసుకోవలసింది. రెండోది ఫోలిక్ ఆమ్లం. అది ఇంకో రోజు వేసుకోవలసింది. చీటీలో ఆ సంగతి స్పష్టంగానే ఉంది, చదివినవాడు సరిగా చదవలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పబోయే ఎంజైముల్లో కొన్ని ఆ తొమ్మిది రోజుల్లో మా పెద్దమ్మ ఒంట్లో ఆగిపోయినవే.

మన కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకు ఇటుక బట్టీ గురించి చెప్పక్కరలేదు. సంక్రాంతి దాటాక బట్టీలు మొదలవుతాయి, వానలు పడితే ఆగుతాయి. ఇల్లు కట్టేవాడి హడావుడిని బట్టి బట్టీ నడుస్తుంది. మన కణం కూడా అంతే. ఒక కణం రెండుగా చీలాలంటే తన డి.ఎన్.ఎ. మొత్తానికి ఇంకో ప్రతి రాసుకోవాలి. మనిషి కణంలో ఉన్నవి సుమారు 640 కోట్ల అక్షర జతలు. కొత్త ప్రతికి అటూ ఇటూ కలిపి దాదాపు 1,280 కోట్ల ఇటుకలు కావాలి. ఈ ఇటుకలకే డీఆక్సీరైబోన్యూక్లియోటైడులని పేరు. పని అంతా కొద్ది గంటల్లో అయిపోవాలి. ఇన్ని ఇటుకలను ముందే చేసి నిలవ పెట్టుకునే చోటు కణంలో లేదు. గోడ లేస్తుంటే పక్కనే బట్టీ కాలుతూ ఉండవలసిందే.

ఎముక మజ్జను తలుచుకుంటే ఈ లెక్క ఎంత పెద్దదో తెలుస్తుంది. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. చనిపోయిన వాటి స్థానంలో సెకనుకు దాదాపు 20 లక్షల కొత్త కణాలను మజ్జ పుట్టించాలి. మీరు ఈ వాక్యం చదివేలోపు కోటి దాటిపోయి ఉంటాయి. ఎర్ర రక్తకణంలో చివరికి కేంద్రకం ఉండదు నిజమే. కానీ దాన్ని కన్న తల్లి కణాలకు ఉంటుంది, అవి చీలుతూ రావాలి. అందుకే ఇటుకల కొరత వస్తే మొట్టమొదట తెలిసేది రక్తంలోనే. తరవాత నోటి లోపలి పొర, పేగుల పొర, జుట్టు కుదుళ్లు. పెద్దమ్మకు నోరు పూయడం, తెల్లకణాలు పడిపోవడం ఒకేసారి ఎందుకు జరిగాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇక బట్టీ లోపలికి వెళదాం. కణం డి.ఎన్.ఎ. ఇటుకను మట్టి నుంచి మొదలుపెట్టదు. ముందు ఆర్.ఎన్.ఎ. ఇటుక తయారవుతుంది. దాని చక్కెర రైబోజ్. ఆ చక్కెరలో రెండో కార్బన్ దగ్గర ఒక ఆక్సిజన్ ఉంటుంది. దాన్ని తీసేస్తే డీఆక్సీరైబోజ్, అంటే ఆక్సిజన్ పోయిన రైబోజ్. ఆర్.ఎన్.ఎ.కూ డి.ఎన్.ఎ.కూ ఉన్న ముఖ్యమైన తేడా ఈ ఒక్క ఆక్సిజనే. చూడటానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ ఆక్సిజన్ పక్కనున్న బంధం మీద దాడి చేసి గొలుసును తుంచేస్తుంది. అందుకే ఆర్.ఎన్.ఎ. త్వరగా తెగిపోయే సరుకు, డి.ఎన్.ఎ. నిలవ సరుకు. కోవిడ్ రోజుల్లో విదేశాల్లో వేసిన ఆర్.ఎన్.ఎ. టీకాల్లో ఒకదాన్ని మైనస్ 70 డిగ్రీల చలిలో దాచవలసి వచ్చింది. మనకు వేసిన కోవిషీల్డ్‌లో ఉన్నది డి.ఎన్.ఎ., దానికి మామూలు ఫ్రిజ్ సరిపోయింది. దానికి ఇంకా కారణాలున్నా ఇదీ ఒక కారణం. తరతరాలకు అందాల్సిన దస్తావేజును ప్రకృతి నిలవ ఉండే కాగితం మీద రాసింది.

ఆ ఆక్సిజన్‌ను తీసే ఎంజైము పేరు రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్. పేరు పలకడం కష్టమే గాని పని గొప్పది. డీఆక్సీ ఇటుకలను కొత్తగా తయారు చేయగలిగింది ఇదొక్కటే. గడ్డిపరక నుంచి గంగిరెద్దు దాకా, మన పేగుల్లో ఉండే బాక్టీరియాతో సహా, కణం ఉన్న ప్రతి ప్రాణికీ ఈ ఎంజైము ఏదో ఒక రూపంలో కావాలి. ఇది లేని కొద్ది జీవులు ఇంకో కణం మీద పడి దాని ఇటుకలు వాడుకునేవే. స్వీడన్‌లో పీటర్ రైకార్డ్ అనే శాస్త్రవేత్త, ఆయన శిష్యులు దశాబ్దాల పాటు దీని వెంటపడి దీని పనితీరును బయటపెట్టారు.

ఇది పని చేసే తీరు విచిత్రమైనది. చక్కెర నుంచి ఆక్సిజన్‌ను ఊడబెరకడం మామూలు పద్ధతుల్లో సాధ్యం కాదు. అందుకు ఫ్రీ రాడికల్ కావాలి. జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువునే ఫ్రీ రాడికల్ అంటారు. అది ఎక్కడ తగిలినా అక్కడ నాశనమే. శరీరం వాటినుంచి తప్పించుకోవడానికి నానా తంటాలు పడుతుంది. అలాంటి నిప్పురవ్వను ఈ ఎంజైము తన లోపల, ఒక టైరోసిన్ దగ్గర, ఆరిపోకుండా దాచుకుని ఉంటుంది. మా అమ్మమ్మ పొయ్యిలో నిప్పు మీద బూడిద కప్పి మర్నాటికి దాచేది, అచ్చం అలాగే. పని పడ్డప్పుడు ఆ రవ్వ ప్రభావం ఎంజైములోని ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు పాకి, చక్కెరను కదిలించి, ఆక్సిజన్ నీరుగా పోయాక తిరిగి తన చోటికి వస్తుంది. ఆ రవ్వను రగిలించి పెట్టేది రెండు ఇనుము పరమాణువులు. ఇది గుర్తుంచుకోండి. ఇనుము అనగానే అందరం హిమోగ్లోబిన్ అంటాం. పరీక్షలో ఆ జవాబు సరైనదే. కానీ అసలు కణం చీలడానికే ఇనుము కావాలి.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. అన్ని జీవులూ ఇనుమునే వాడవు. పెరుగు తోడుపెట్టే బాక్టీరియాల కుటుంబంలో లాక్టోబాసిల్లస్ లైచ్‌మానై అనేది ఉంది. అది ఇదే పనికి ఇనుము బదులు విటమిన్ బి12ను వాడుతుంది. ఒకే తాళానికి ఎవరి తాళంచెవి వారిది.

ఇటుకలు చేయగలిగితే చాలదు, నాలుగు రకాలూ సరిపాళ్లలో ఉండాలి. ఒక రకం ఎక్కువై ఇంకోటి తక్కువైతే రాసేవాడు తప్పు అక్షరం పెట్టేస్తాడు. మెస్‌లో అన్నం ఉండి పప్పు అయిపోతే వడ్డించేవాడు ఏం చేస్తాడో మనకు తెలుసుగా! అందుకే ఈ ఎంజైముకు రెండు మీటలున్నాయి. ఒకటి ఏ రకం ఇటుక చేయాలో చెబుతుంది. రెండోది మొత్తం బట్టీని నడపాలా ఆపాలా అన్నది చెబుతుంది. ఆ రెండో మీటకు ఎ.టి.పి. తగిలితే బట్టీ నడుస్తుంది. ఎడినైన్ ఇటుకలు గుట్ట పడి డీఆక్సీ ఎ.టి.పి. వచ్చి తగిలితే ఆగిపోతుంది.

ఈ ఆపే మీట ఎంత బలమైనదో ఒక అరుదైన జబ్బులో కనబడుతుంది. ఎడినోసిన్ డీఅమినేజ్ అనే ఇంకో ఎంజైము పుట్టుకతో లేని పిల్లల్లో డీఆక్సీ ఎ.టి.పి. పేరుకుపోతుంది. మీట పడిపోతుంది, ఇటుకలు ఆగుతాయి, రోగాలతో పోరాడే లింఫోసైట్లు పెరగలేక చచ్చిపోతాయి. మామూలు జలుబు కూడా ఆ పిల్లలకు ప్రాణాంతకం. 1990 సెప్టెంబరు 14న అమెరికాలో నాలుగేళ్ల పాపకు సరైన జన్యువున్న కణాలను ఎక్కించారు. అధికారిక అనుమతితో చేసిన మొట్టమొదటి జన్యు చికిత్సగా చెప్పుకునేది దాన్నే.

ఎ.టి.పి. పేరు వచ్చింది కాబట్టి ఇక మన యల్లాప్రగడ సుబ్బారావు గారి దగ్గరకు వెళ్లక తప్పదు. ఎ.టి.పి.ని కండరాల నుంచి వెలికితీసిన వారిలో ఆయనొకరు. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, సుబ్బారావు కలిసి ఆ సంగతి ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుగొన్నాడు. కానీ మన కథకు అంతకంటే దగ్గరైన పని ఆయన తరవాత చేశారు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. కొల్లేటికి మనం ఈ పక్క, ఆయన ఆ పక్క. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. ఈ వాక్యం చదివి మన టెన్తు తమ్ముళ్లు ధైర్యం తెచ్చుకుంటే అభ్యంతరం లేదు గాని, దీన్ని వార్డెన్ గారికి చూపించవద్దు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసరు ఆగ్రహానికి గురై ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్.తో బయటపడ్డారు. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆయనకూ అదే జబ్బు వస్తే ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి గారు నయం చేశారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి ఆసరా, మామగారు సేకరించి ఇచ్చిన డబ్బు పట్టుకుని అమెరికా ఓడ ఎక్కారు. అక్కడ బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిళ్లు పోర్టరు పని చేస్తూ చదువుకున్నారు. ఇతరుల సాయంతో చదువుకున్న మనబోటి వాళ్లకు ఆయన పరాయివాడుగా అనిపించకపోవడానికి కారణం ఇదే.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అప్పటికి ఫోలిక్ ఆమ్లం ఒక చిక్కుముడి. అంతకు ముందు, 1928 నుంచి, లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయిలో బట్టల మిల్లు కార్మిక కుటుంబాల గర్భిణులను పరిశీలించింది. వాళ్ల రక్తహీనతలో ఎర్రకణాలు తక్కువగా ఉండటమే కాదు, ఉన్నవి అసాధారణంగా పెద్దవిగా ఉన్నాయి. ఈస్ట్ సారం తినిపిస్తే వాళ్లు కోలుకున్నారు. ఈస్ట్‌లో ఉన్న ఆ పదార్థమేమిటో ఆమెకు తెలియలేదు. 1941లో అమెరికాలో కొందరు నాలుగు టన్నుల పాలకూర నుంచి చిటికెడు పదార్థం తీసి, లాటిన్‌లో ఆకు అనే అర్థం వచ్చేలా ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. 1945లో లెడర్లీలోని సుబ్బారావు గారి బృందం దాని నిర్మాణం తేల్చి, ప్రయోగశాలలోనే తయారు చేసి చూపించింది. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూలో రోగులు క్షీణించడానికి ఒక ముఖ్య కారణం పేగులు ఫోలిక్ ఆమ్లాన్ని పీల్చుకోలేకపోవడం. ఆ మందు ఇరవై అయిదేళ్లు ఆలస్యంగా ఆయన చేతికే వచ్చింది.

ఫోలిక్ ఆమ్లానికీ ఇటుకలకూ సంబంధం ఏమిటి? ఇక్కడే రెండో బట్టీ. రిడక్టేజ్ చేసి ఇచ్చేది ఎడినైన్, గ్వానైన్, సైటోసిన్, యురాసిల్ ఇటుకలు. డి.ఎన్.ఎ.కు యురాసిల్ పనికిరాదు, థైమిన్ కావాలి. రెండింటికీ తేడా ఒక్క కార్బన్, అంటే ఒక మిథైల్ గుంపు. ఆ కార్బన్‌ను అతికించే ఎంజైము థైమిడిలేట్ సింథేజ్. కార్బన్‌ను మోసుకొచ్చే కూలీ ఫోలిక్ ఆమ్లం నుంచి వచ్చిన టెట్రాహైడ్రోఫోలేట్. సరుకు దించాక ఆ కూలీ కావడి వంగిపోయి డైహైడ్రోఫోలేట్‌గా మారతాడు. ఆ రూపంలో మళ్లీ బరువెత్తలేడు. అతన్ని తిరిగి నిలబెట్టే ఎంజైము ఇంకొకటి, డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. అతికించడం, వంగిపోవడం, నిలబెట్టడం, మళ్లీ బరువెత్తడం, ఇలా ఈ చక్రం తిరుగుతూనే ఉండాలి. ఎడినైన్, గ్వానైన్ పుట్టేటప్పుడు కూడా రెండు కార్బన్లు ఈ కూలీలే మోస్తారు.

ఫోలిక్ ఆమ్లం చాలకపోతే థైమిన్ ఇటుక తయారవదు. అప్పుడు కణం ఊరుకోదు, దొరికిన యురాసిల్‌నే గోడలో పెడుతుంది. మరమ్మతు చేసే ఎంజైములు వచ్చి అది తప్పు ఇటుక అని పీకేస్తాయి. ఆ ఖాళీలో పెట్టడానికి మళ్లీ థైమిన్ ఉండదు, మళ్లీ యురాసిలే. పెట్టడం, పీకడం, చివరికి గోడే కూలిపోతుంది. ఈలోపు కణం శరీరం మాత్రం పెరుగుతూ ఉంటుంది, కేంద్రకం మాత్రం చీలలేదు. లూసీ విల్స్ సూక్ష్మదర్శినిలో చూసిన పెద్ద పెద్ద కణాలు ఇవే.

ఇప్పుడు అసలు మలుపు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల వైద్యుడు రక్త క్యాన్సర్ పిల్లలను చూస్తుండేవాడు. ఆ రోజుల్లో ఆ జబ్బు వచ్చిన పిల్లలు వారాల్లోనో నెలల్లోనో చనిపోయేవారు. ఫోలిక్ ఆమ్లం రక్తానికి మంచిదని మొదట దానికి దగ్గరి పదార్థాలు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా చెలరేగినట్టు ఆయనకు తోచింది. అవును మరి, ఇటుకలు ఎక్కువగా కావలసింది క్యాన్సర్ కణానికే. అయితే ఇటుకలు అందకుండా చేస్తే? సుబ్బారావు గారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండే నకిలీలను అప్పటికే తయారు చేస్తోంది. ఒకచోట ఆక్సిజన్ గుంపు తీసి నైట్రోజన్ గుంపు పెడితే అమినోప్టెరిన్ అయింది. దానికి ఇంకో మిథైల్ తగిలిస్తే అదే మెథోట్రెక్సేట్. నిలబెట్టే ఎంజైము ఈ నకిలీని అసలు కూలీ అనుకుని పట్టుకుంటుంది, అదీ అసలు దానికంటే వెయ్యి రెట్లకు పైగా గట్టిగా. పట్టుకున్నాక వదలదు. అసలు కూలీలందరూ వంగినవాళ్లు వంగినట్టే ఉండిపోతారు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల ప్రకారం అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. రసాయన మందుతో బాల్య రక్త క్యాన్సర్ వెనక్కు తగ్గడం అదే మొదలు. ఆ తరవాత రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53.

మందు ఏ ఎంజైమును పట్టుకుంటుందో ఆయన బతికుండగా ఎవరికీ తెలియదు. అది తేలింది 1950ల చివర్లో. తెలియకుండానే ఇచ్చిన ఆ మందు ఈనాటికీ చిన్నపిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో ఉంది. ఇతర మందులతో కలిపి వాడితే వైద్య వసతులు బాగా ఉన్న దేశాల్లో పదిమందిలో తొమ్మిదిమంది దాకా పిల్లలు బతుకుతున్నారు. అదే మందును చాలా తక్కువ మోతాదులో, వారానికి ఒక్కసారి ఇస్తే, కీళ్ల మీద దాడి చేసే మన సొంత రోగనిరోధక కణాలను శాంతపరుస్తుంది. పెద్దమ్మకు డాక్టరు రాసింది అందుకే. వారంలో మిగిలిన రోజులు మజ్జ, నోరు, పేగులు కోలుకోవాలి. నేను ఆ గడువు లేకుండా చేశాను.

ఆసుపత్రిలో ఆమెకు ల్యూకోవొరిన్ అనే ఇంజెక్షన్ ఇచ్చారు. దాన్నే ఫోలినిక్ ఆమ్లం అంటారు. అది ముందే నిలబడి ఉన్న కూలీ. దానికి డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ సాయం అక్కరలేదు, అందుకే ఆ ఎంజైము మూతపడి ఉన్నా పని జరుగుతుంది. మామూలు ఫోలిక్ ఆమ్లం మాత్ర ఎన్ని వేసినా అప్పుడు అంత ఉపయోగం ఉండేది కాదు, ఎందుకంటే దాన్ని పనికొచ్చే రూపానికి మార్చాల్సింది కూడా ఆ ఎంజైమే. ఈ తేడా మీద నాకు యూనివర్సిటీ పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న వచ్చింది, అయిదుకు అయిదూ వచ్చాయి. పదమూడు రోజులు వార్డులో ఉండి పెద్దమ్మ ఇంటికి వచ్చింది. ఇంటికి వచ్చాక ఆమె అన్న మాట, "నీ చదువు చల్లగుండ, ఈసారి చీటీ కాంపౌండరు చేత చదివిస్తాలే." నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇవే ఎంజైములను పట్టుకునే మందులు మీలో చాలామంది ఇప్పటికే మింగి ఉంటారు. హాస్టల్లో విరేచనాలకో, గొంతు నొప్పికో ఒకప్పుడు విరివిగా ఇచ్చిన సెప్ట్రాన్ మాత్రలో ట్రైమెథోప్రిమ్ ఉంది. అది బాక్టీరియా డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్‌ను గట్టిగా పట్టుకుంటుంది, మన ఎంజైమును దాదాపు ముట్టుకోదు. అందులోనే ఉన్న రెండో మందు బాక్టీరియా సొంతంగా ఫోలిక్ ఆమ్లం చేసుకోకుండా ఆపుతుంది. మనం ఫోలిక్ ఆమ్లం చేసుకోలేము, తిండిలోనే రావాలి. ఆ లోపమే ఇక్కడ మనకు రక్షణ అయింది. ట్రైమెథోప్రిమ్ వంటి మందుల వెనుక ఉన్న జార్జ్ హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్‌లకు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. సుబ్బారావు గారికి రాలేదు. మన ప్రభుత్వం 1995లో ఆయన శతజయంతికి తపాలా బిళ్ల వేసింది. మన డెల్టాలో బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి పంచిన డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన ప్రయోగశాల నుంచి వచ్చిందేనని మింగినవారిలో ఎంతమందికి తెలుసు?

మొదటి బట్టీని ఆపే మందూ ఉంది, హైడ్రాక్సీయూరియా. రిడక్టేజ్ బూడిద కింద దాచుకున్న ఆ నిప్పురవ్వను ఇది ఆర్పేస్తుంది. కొన్ని రకాల రక్త క్యాన్సర్లకు వాడేవారు. తరవాత సికిల్ సెల్ వ్యాధిలో దీనికి ఇంకో ఉపయోగం కనబడింది. బట్టీ కాస్త నెమ్మదిస్తే మజ్జ, తల్లి గర్భంలో ఉన్నప్పుడు వాడిన పాత రకం హిమోగ్లోబిన్‌ను తిరిగి ఎక్కువగా చేస్తుంది. దాంతో కణాలు కొడవలిలా వంగడం తగ్గి నొప్పులు తగ్గుతాయి. మన రాష్ట్రంలో ఈ వ్యాధి ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాల్లో ఉంది. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. ఏజెన్సీ నుంచి వచ్చి చదువుకుంటున్న తోటి విద్యార్థి తరచు కాళ్ల నొప్పులంటే, బడికి డుమ్మా కొట్టే వంక అనుకోకుండా ఒకసారి రక్తపరీక్ష చేయించమనండి.

చివరగా నీలం మాత్ర గురించి. మా రోజుల్లో ఇది లేదు. ఇప్పుడు బడుల్లో, హాస్టళ్లలో వారానికొకటి ఇస్తున్న ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. అంటే మొదటి బట్టీకి ఇనుము, రెండో బట్టీకి కూలీ, రెండూ ఒకే మాత్రలో. కిందటేడు వార్షికోత్సవానికి ఒక హాస్టలుకు వెళ్లినప్పుడు గోడ పక్కన మందార చెట్టు మొదట్లో గుప్పెడు నీలం మాత్రలు కనబడ్డాయి. ఎందుకు పారేశారని పిల్లల్ని అడిగితే వాంతి వచ్చినట్టుంటుంది, విరేచనం నల్లగా అవుతుంది, పైగా అది ఇంకేదో మందని బయట చెప్పుకుంటున్నారు అన్నారు. మొదటి రెండూ నిజమే. పరగడుపున వేసుకుంటే వికారం వస్తుంది, అందుకే అన్నం తిన్నాక వేసుకోవాలి. మిగిలిపోయిన ఇనుము వల్ల విరేచనం నల్లబడుతుంది, దానివల్ల హాని లేదు. మూడోది అబద్ధం. టీతో మాత్రం వేసుకోకండి, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మరసమో, జామకాయో అయితే మేలు.

ఆడపిల్లలకు ఇంకో మాట. గర్భం నిలిచిన మొదటి 28 రోజుల్లోనే బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకుంటుంది. చాలామందికి అప్పటికి గర్భం సంగతే తెలియదు. ఆ రోజుల్లో ఫోలిక్ ఆమ్లం తక్కువైతే వెన్ను సరిగా మూసుకోని బిడ్డలు పుట్టే ప్రమాదం పెరుగుతుందని 1991లో పెద్ద పరిశోధన ఒకటి నిర్ధారించింది. అందుకే పెళ్లయ్యాక చూద్దాంలే అనుకునే విషయం కాదు ఇది.

తిండి విషయానికొస్తే, వరి కోతల వేళ మన పొలాల్లో చల్లే మినుములు, పెసలు ఫోలేట్ బాగా ఉన్న గింజలు. తోటకూర, పాలకూర, శనగలు కూడా. ఆకుకూర ఉడికించి నీళ్లు పారబోస్తే ఫోలేట్ చాలా వరకు ఆ నీళ్లతోనే పోతుంది. ఇగురులాగానో, పప్పులోనో వండించమని మెస్ కమిటీ వాళ్లు వంటవాళ్లతో చెప్పాలి. బి12 మాత్రం ఆకుల్లో ఉండదు, గుడ్డు, పాలు, చేప, మాంసంలోనే. బి12 లేకపోతే ఫోలేట్ కూలీ వేరొక దారిలో చిక్కుకుపోయి ఉన్నా లేనట్టే అవుతాడు. కాబట్టి వారంలో ఇచ్చే గుడ్డును పక్కవాడికి ఇచ్చేసేవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి. రక్తహీనత తగ్గకుండా చేతులు కాళ్లు తిమ్మిర్లు కూడా ఉంటే ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వేసుకుంటూ కూర్చోకుండా బి12 పరీక్ష చేయించుకోవాలి.

పెద్దమ్మ ఇప్పటికీ మెథోట్రెక్సేట్ వాడుతోంది, మంచి గుణమే ఉంది. గోడ క్యాలెండరులో సోమవారాలకు ఎర్ర పెన్సిలుతో, గురువారాలకు పచ్చ పెన్సిలుతో సున్నాలు చుట్టి ఇచ్చాను. ఎరుపు ఆ మందుకు, పచ్చ ఫోలిక్ ఆమ్లానికి. మీ ఇళ్లల్లో కీళ్లవాతానికో, సొరియాసిస్‌కో ఈ మాత్ర వాడే పెద్దవాళ్లుంటే చీటీ ఇంకోసారి తీసి చదవండి, అర్థం కాకపోతే రాసిన డాక్టరునే అడగండి. వార్షికోత్సవం రోజు నేనూ వస్తున్నాను. ఏ ఎంజైము మీద ఏ సందేహమున్నా భోజనాల దగ్గర పట్టుకోండి.

– ఒక పూర్వ విద్యార్థి, జీవశాస్త్ర అధ్యాపకుడు